ఏడాదిగా ‘చరిత్రలో ఈరోజు’ రాసుకుంటున్నా, నా కథ మాత్రం మొదటి పేజీ దాటలేదు

మూడోపేజీ
పోయిన జనవరి 1న ఒక అలవాటు పెట్టుకున్నాను. రోజూ పొద్దున లేవగానే సాహిత్య చరిత్రలో ఆ తేదీన ఏం జరిగిందో వెతికి నోటుబుక్కులో ఎక్కించడం. ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ పుస్తకం అచ్చయింది. దాని కింద ‘ఈరోజు స్ఫూర్తి’ అని నా సొంత మాటలు రెండు లైన్లు. ఒక్కరోజు కూడా తప్పలేదు. ఇప్పుడు మూడో నోటుబుక్కు నడుస్తోంది.

ఇదంతా దేనికంటే ఒక కథ కోసం. నాలుగేళ్లుగా మనసులో ఉంది. రోజూ గొప్పవాళ్లని తలుచుకుంటే చెయ్యి కదులుతుందని ఆశ. కదల్లేదు.

సెప్టెంబర్ 21 పేజీ తీస్తే, 1862లో గురజాడ, 1866లో హెచ్.జి. వెల్స్, 1947లో స్టీఫెన్ కింగ్ పుట్టింది ఆ తేదీనే. 1937లో టోల్కీన్ ‘హాబిట్’ బయటికొచ్చిందీ ఆ తేదీనే. అది రాసుకుంటున్నప్పుడు ఒళ్లు పులకరించింది, నిజం చెబుతున్నా. గంటసేపు అదే సంతోషం. తర్వాత నా కథ కాగితాలు ముందేసుకుంటే ఒక్క మాట రాలేదు. వీళ్లందరి పక్కన నేనేం రాస్తాను అనిపించి మడిచి లోపల పెట్టేశాను.

మీలో ఎవరికైనా ఈ తేదీల వల్ల నిజంగా కలం కదిలిందా? లేక రాయకుండా ఉండటానికి నేనొక అందమైన సాకు వెతుక్కున్నానా? మొహమాటపడకుండా చెప్పండి.

అరసున్న
సాకే. నోటుబుక్కు మూసి కథ తెరవండి.

గాలిపటం
పేరేమో మూడోపేజీ, ఉన్నదేమో మొదటి పేజీలో. ముందు ఆ పేరుకి న్యాయం చెయ్యండి!

రాత్రిబండి
అరసున్న మాటతో ఒప్పుకోను. నాకు పనిచేసింది కాబట్టి చెబుతున్నా.

నాది రాత్రి షిఫ్టు. ఒకసారి కాఫ్కా డైరీలో 1912 సెప్టెంబర్ 23 నాటి పేజీ చదివాను. ముందురోజు రాత్రి పదింటికి కూర్చుని పొద్దున ఆరింటికి లేచాడు. ‘తీర్పు’ కథ మొత్తం ఒక్క కూర్చోవడంలో అయిపోయింది. కాళ్లు బిగుసుకుపోయి బల్ల కింద నుంచి లాక్కోవడమే కష్టమైందని రాసుకున్నాడు. మర్నాడు ప్రాగ్‌లో ఆఫీసు ఉంది ఆయనకి, కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం.

నన్ను పట్టుకున్నది ఆ కాళ్ల సంగతే. స్ఫూర్తీ గీర్తీ కాదు. ఆ రోజు షిఫ్టు దిగాక పడుకోకుండా కూర్చున్నా. మధ్యాహ్నానికి కథ పూర్తయింది. పత్రికలో వచ్చింది కూడా.

మూడోపేజీ
రాత్రిబండి గారూ, ఆ కాఫ్కా పేజీ నా నోటుబుక్కులోనూ ఉంది. నేను రాసుకున్నది మాత్రం ‘1912: ఒక్క రాత్రిలో కథ పూర్తి’ అని. కాళ్ల సంగతి రాసుకోలేదు.

పాతసిరా
చిక్కంతా అక్కడే ఉంది. రాత్రిబండి చెప్పింది నిజం, కానీ సగం నిజం. ఆ ఒక్క రాత్రినే పట్టుకుంటే దెబ్బతింటాం. అదే కాఫ్కా రెండు నెలల తర్వాత ‘రూపాంతరం’ మొదలుపెట్టాడు. మధ్యలో ఆఫీసు పని మీద ఊరు వెళ్లాల్సి వచ్చింది. ఇలాంటి కథ ఒకటి రెండు విడతల్లో అయిపోవాలి, ఆగితే పాడవుతుందని ఉత్తరాల్లో వాపోయాడు. మూడు నవలలు మొదలుపెట్టి మూడూ పూర్తిచెయ్యలేదు. ‘ఒక్క రాత్రి’ అన్న మాట గోడకి అంటించుకున్నవాడు రెండో రాత్రి ఏమీ రాకపోతే ఇక నావల్ల కాదనుకుంటాడు. నేను అలా ఆరేళ్లు పోగొట్టుకున్నాను.

నన్ను మళ్లీ బల్ల దగ్గరికి చేర్చింది ట్రోలోప్. ఇంగ్లండులో తపాలాశాఖ ఉద్యోగి. పొద్దున ఐదున్నరకల్లా బల్ల దగ్గర ఉండేవాడు. తనని లేపడానికి ఒక ముసలి పనివాడికి విడిగా జీతం ఇచ్చేవాడు. మొదటి అరగంట నిన్న రాసింది చదువుకోవడం. తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాయడం. ఆ తర్వాత ఉద్యోగానికి. అలా 47 నవలలు. ఇదంతా ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పాడు. ఆయన పోయిన మరుసటి ఏడు, 1883లో, అది అచ్చయితే గడియారం పెట్టుకుని రాసేవాడు కళాకారుడేమిటని చాలామంది ముఖం చిట్లించారు. పేరు కూడా తగ్గింది కొన్నాళ్లు. నాకు మాత్రం అంత ధైర్యం ఇచ్చిన పుస్తకం మరొకటి లేదు.

మూడోపేజీ గారూ, మీ నోటుబుక్కులో తప్పు లేదు, అందులో ఎక్కిస్తున్న రోజుల్లో ఉంది. పుట్టడం, పోవడం రచయితలు చేసిన పని కాదు. వాళ్లు బల్ల ముందు కూర్చున్న రోజు ఏదో అది వెతికి రాసుకోండి.

వేకువపిట్ట
పాతసిరా గారి ఆఖరి మాట రెండుసార్లు చదివాను.

తారీఖులరాయుడు
తేదీల మీద ఇంత ప్రేమ ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. అచ్చులో కనిపించే తేదీ అంత గట్టిది కాదు. ఏప్రిల్ 23నే తీసుకోండి. 1616లో షేక్స్‌పియర్, సెర్వాంటెస్ ఒకే రోజు పోయారని ఎక్కడ చూసినా ఉంటుంది. యునెస్కో 1995లో ప్రపంచ పుస్తక దినోత్సవానికి ఆ తేదీని ఎంచుకుంది కూడా అందుకే. కానీ అప్పటికి స్పెయిన్ కొత్త గ్రెగోరియన్ క్యాలెండర్‌లోకి మారింది, ఇంగ్లండ్ ఇంకా పాత జూలియన్‌లోనే ఉంది. రెండింటికీ మధ్య పది రోజుల తేడా. సెర్వాంటెస్ పోయిన పది రోజులకిగానీ షేక్స్‌పియర్ పోలేదు. పైగా సెర్వాంటెస్ కన్నుమూసింది 22న, 23 ఖననం చేసిన రోజు అంటారు.

అరసున్న
బాగుంది. ఇది తెలుసుకుంటే ఎవరికైనా ఒక వాక్యం పుట్టిందా?

తారీఖులరాయుడు
పుట్టింది. ఒకే తేదీ, వేరే రోజులు. ఆ మాటని పట్టుకునే అక్కాచెల్లెళ్ల కథ రాశాను. ఇద్దరూ ఒకే తేదీ వేసి ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటారు, కానీ ఇద్దరి క్యాలెండర్లూ వేరు. ఆఖరి ఉత్తరం అందేసరికి రాసినామె ఉండదు. ఆ పది రోజుల తేడా తెలియకపోతే ఆ కథ నాకు దొరికేది కాదు. ఎవరికి ఏది విత్తనం అవుతుందో బయటినుంచి చెప్పలేం అరసున్నా.

అరసున్న
సరే, అది ఒప్పుకుంటా. నా మొదటి మాట మరీ కరుకుగా వచ్చింది.

వేకువపిట్ట
నా సంగతి చెబుతాను. ఇద్దరు పిల్లలు, పెద్దదానికి ఆరేళ్లు, చిన్నవాడికి మూడు. ఉద్యోగం ఉంది. రాత్రి కూర్చుంటే కళ్లు మూతపడతాయి. ‘రోజుకి నాలుగు గంటలు రాయాలి’ అని ఎవరైనా అంటే ఏడుపొచ్చేది.

టోనీ మారిసన్ ఇంటర్వ్యూ ఒకటి చదివాను. ఇద్దరు కొడుకుల్ని ఒంటరిగా పెంచుతూ ప్రచురణ సంస్థలో ఎడిటర్‌గా పనిచేస్తూ తెల్లవారకముందే లేచి రాసేదట. అది కవితాత్మకమైన అలవాటు కాదు, పిల్లలు లేచి ‘అమ్మా’ అనేలోపు దొరికే సమయం అదొక్కటే కాబట్టి. మొదటి నవల ‘ద బ్లూయెస్ట్ ఐ’ 1970లో వచ్చేసరికి ఆవిడకి 39 ఏళ్లు. 1993లో నోబెల్. నోబెల్ మాట పక్కన పెడితే ఆ 39 అన్న అంకె నాకు ఊపిరిపోసింది. అప్పుడు నాకు 36.

ఇప్పుడు నాలుగున్నరకి లేస్తాను. దొరికేది ముప్పావుగంట. కొన్ని రోజులు మూడు లైన్లే. ఈ పేరు పెట్టుకున్నదీ అందుకే.

గాలిపటం
వేకువపిట్టక్కా, చిన్నవాడు నాలుగుకే లేచిన రోజున?

వేకువపిట్ట
ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక చేత్తో రాస్తాను. వాడి గీతలు కూడా ఉన్నాయి నా చిత్తుప్రతిలో. తియ్యబుద్ధి కాలేదు.

చిత్తుప్రతి
చిత్తుప్రతి అన్నారు కాబట్టి నేనూ వస్తున్నా. ఫోన్లో టైపు చేసుకున్న నలభై పేజీలు ఫోన్‌తో పాటే పోయాయి. ఎక్కడా నకలు లేదు. మూడు నెలలు కలం ముట్టలేదు.

అప్పుడు కార్లైల్ సంగతి తెలిసింది. 1835 మార్చి 6. ‘ఫ్రెంచ్ విప్లవం’ మొదటి సంపుటం రాతప్రతి చదవమని స్నేహితుడు జాన్ స్టూవర్ట్ మిల్‌కి ఇచ్చాడు. అక్కడ పనిమనిషి చిత్తుకాగితాలనుకుని మంటలో వేసింది. మిల్ వణికిపోతూ వచ్చి చెప్పాడు. కార్లైల్ దగ్గర నకలు లేదు. మిల్ వెళ్లిపోయాక భార్యతో అన్నాడట, పాపం అతను చాలా కుంగిపోయాడు, ఇది మనకెంత పెద్ద దెబ్బో అతనికి తెలియనివ్వకూడదు అని. మళ్లీ మొదటినుంచి రాశాడు. 1837లో పుస్తకం వచ్చింది.

పోయింది నా పుస్తకం కాదు, నలభై పేజీలే. మళ్లీ రాశాను. మొదటిదానికంటే బాగుందో లేదో పోల్చడానికి మొదటిది లేదు, అదొక సుఖం.

మొల్లబాట
అందరూ తేదీ ఉన్నవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నా బాధ వేరే. పుట్టిన తేదీ ఎవరూ రాసిపెట్టనివాళ్లు ఈ నోటుబుక్కుల్లోకి ఎలా వస్తారు?

మొల్ల ఏ తేదీన పుట్టిందో ఎవరికీ తెలియదు. శతాబ్దం దగ్గరే వాదనలున్నాయి. వేమన సంగతీ అంతే. తన గురించి మొల్ల చెప్పుకున్నది కొంచెమే. తండ్రి ఆతుకూరి కేసనసెట్టి అని, తనకి శాస్త్రాలూ నిఘంటువులూ చదువుకున్న పాండిత్యం లేదని. అలా చెప్పి రామాయణం మొత్తం రాసింది. పండితుల భాష కాకుండా వినగానే అర్థమయ్యేది రాస్తానని ముందే ప్రకటించింది. మూడోపేజీ గారూ, ‘వీళ్ల పక్కన నేనేం రాస్తాను’ అన్నారు చూడండి, దానికి ఆవిడ ఎప్పుడో జవాబు చెప్పింది. కానీ 365 పేజీల్లో ఏ పేజీలోనూ ఆవిడ మీకు ఎదురుపడదు.

తేదీ ఉన్నా సరే, పడాల్సిన పేజీలో పడనివాళ్లూ ఉన్నారు. తెలుగులో మొదటి కథ గురజాడ ‘దిద్దుబాటు’, 1910 అని ప్రతి ఏడూ రాస్తారు. భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వచ్చింది. ఎనిమిదేళ్ల ముందు. ఆవిడ 1905లో పోయింది, ముప్ఫై ఏళ్లకే. ఆ తేదీ ఎన్ని నోటుబుక్కుల్లో ఉంది?

మూడోపేజీ
నా దాంట్లో లేదు. ఇప్పుడే చూశాను.

పాతసిరా
మొల్లబాట గారూ, అచ్చమాంబ ముందన్నది కాదనను. కానీ ‘దిద్దుబాటు’ని ఎందుకు పట్టుకున్నారంటే ఆ కథ ఎత్తుకున్న తీరు వల్ల. తలుపు తట్టే మాటతో కథ మొదలవడం, చెప్పకుండా చూపించడం. కొత్త కథ అంటే ఇదీ అని అనిపించింది అక్కడే.

మొల్లబాట
శిల్పం గురించి వేరే చర్చ తెరవండి, గంటలు వాదిస్తాను. ‘మొదటి’ అన్న మాట మాత్రం లెక్కకి సంబంధించింది. 1902, 1910 కంటే ముందొస్తుంది.

పాతసిరా
లెక్క మీదే. ఒప్పుకుంటున్నా.

తారీఖులరాయుడు
సంతోషం. ఈ వేదికలో ఒకరు ఒప్పుకున్న తేదీ కూడా రాసిపెట్టుకోవాలి.

రాత్రిబండి
మూడోపేజీ గారూ, చెయ్యి కదలకపోతే నోరు వాడి చూడండి. 1866 అక్టోబర్‌లో దొస్తోయెవ్‌స్కీ పీకల్లోతు అప్పుల్లో ఉన్నాడు. నవంబర్ 1కల్లా కొత్త నవల ఇవ్వకపోతే తొమ్మిదేళ్లపాటు ఆయన రచనలు డబ్బివ్వకుండా వేసుకునే హక్కు ఒక ప్రచురణకర్తకి దక్కుతుంది, ఒప్పందం అలాంటిది. అన్నా అనే ఇరవయ్యేళ్ల సంక్షిప్తలిపి అమ్మాయిని పెట్టుకుని పగలు చెప్తూ పోయాడు. ఆమె రాత్రి ఇంటికెళ్లి శుభ్రంగా తిరగరాసి తెచ్చేది. 26 రోజుల్లో ‘జూదరి’ పూర్తి. ప్రచురణకర్త కావాలనే ఊళ్లో లేకుండా పోతే పోలీసు ఠాణాలో అప్పజెప్పి రసీదు తీసుకున్నారు. తర్వాతి ఫిబ్రవరిలో అన్నాని పెళ్లి చేసుకున్నాడు.

మన విశ్వనాథ కూడా ‘వేయిపడగలు’ తను చెబుతుంటే తమ్ముడు రాశాడంటారు, 29 రోజుల్లో. అంత పెద్ద నవల!

కథని ఎవరికైనా చెప్పండి. వాళ్లని రాయమనండి.

తారీఖులరాయుడు
చిన్న సవరణ. ఆ నవంబర్ 1 పాత రష్యన్ క్యాలెండర్‌ది. మన లెక్కలో నవంబర్ 13.

గాలిపటం
రాయుడుగారు ఈ సవరణ చెయ్యకపోతే నాకు నిద్రపట్టేది కాదు!

మూడోపేజీ
అన్నీ చదివాను. కొన్ని రెండుమూడుసార్లు. సాకు అన్న అరసున్న గారి మాట ముందు గుచ్చుకుంది, కానీ పూర్తిగా అబద్ధమూ కాదు.

ఒక్కటి మాత్రం వదులుకోలేను. అక్టోబర్ 18 పేజీ. 1976లో విశ్వనాథ, 2013లో రావూరి భరద్వాజ పోయింది ఆ తేదీనే. తెలుగులో మొదటి జ్ఞానపీఠం ఒకరిది, మూడోది మరొకరిది. ఒకరు మహాపండితుడు. ఇంకొకరికి బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది, కూలిపనులు చేసి బతికారు. ఆ రెండు పేర్లు ఒక పేజీలో పక్కపక్కన చూసినప్పుడు ఏదో అయింది నాకు. ఆ పేజీని సాకు అనలేను.

చిక్కు ఎక్కడుందో కూడా చెప్పేస్తాను. నా కథలో ఒక అక్క, చనిపోయిన తమ్ముడి పెట్టె తెరుస్తుంది. పెట్టె దాకా రాశాను. లోపల ఏముందో నాకు తెలియదు. నాలుగేళ్లుగా ఆవిడ ఆ పెట్టె ముందే కూర్చుని ఉంది.

పాతసిరా
మీరు జనవరి 1న మొదలుపెట్టానన్నారు. ఆ పేజీలో ఏముంది?

మూడోపేజీ
‘1818: మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ విడుదల, రచయిత్రి పేరు లేకుండా.’ అంతే.

పాతసిరా
దాని ముందు పేజీ మీ దగ్గర లేదు. 1816 జూన్, జెనీవా సరస్సు ఒడ్డున ఒక బంగళా. అంతకు ముందు ఏడు తంబోరా అగ్నిపర్వతం పేలిన బూడిదకి ఆ ఏడాది యూరప్‌లో వేసవే రాలేదు. ఒకటే వాన. బయటికి వెళ్లలేక తలా ఒక దయ్యం కథ రాద్దామని పందెం వేసుకున్నారు. బైరన్ ఉన్నాడు, షెల్లీ ఉన్నాడు, బైరన్ వైద్యుడు పోలిడోరి ఉన్నాడు. మేరీకి పద్దెనిమిదేళ్లు.

ఆమెకి ఏమీ తట్టలేదు. 1831 ముద్రణ ముందుమాటలో తనే చెప్పుకుంది. రోజూ పొద్దున ‘కథ తట్టిందా?’ అని అడిగేవాళ్లట, రోజూ సిగ్గుతో లేదనే చెప్పాల్సి వచ్చేదట. గుంపులో పేరున్న కవులిద్దరూ తమ కథలు మధ్యలోనే వదిలేశారు. ఆ తర్వాత ఒక రాత్రి కళ్లు మూసుకుంటే ‘ఫ్రాంకెన్‌స్టైన్’లోని ఆ వింత ప్రాణి కనిపించింది. అక్కడినుంచి మీరు రాసుకున్న జనవరి 1కి ఏడాదిన్నర.

‘లేదు’ అని చెప్పిన ఆ పొద్దులు ఏ చరిత్రలోనూ తేదీలతో ఎక్కవు.

మూడోపేజీ
ఇది నాకు తెలియదు.

గాలిపటం
నేను ఒక్కసారి సీరియస్‌గా మాట్లాడతా. ‘సమయం లేదు, మూడ్ లేదు’ అనిపించినప్పుడు నేను దాశరథిని తలుచుకుంటాను. నిజామాబాద్ జైల్లో కాగితం, కలం లేక బొగ్గుతో గోడ మీద పద్యం రాశాడు. గుగీ వా థియోంగో అయితే 1978లో కెన్యా జైల్లో టాయిలెట్ కాగితం మీద నవల రాశాడు, అదీ తన గికుయు భాషలో రాసిన మొదటి నవల. వీళ్ల పుట్టినరోజులు నాకు గుర్తుండవు. బొగ్గు, ఆ కాగితం గుర్తుంటాయి.

అరసున్న
గాలిపటం, ఇంత బాగా మాట్లాడగలిగి ఇన్నాళ్లూ జోకులేనా?

వేకువపిట్ట
మూడోపేజీ గారూ, పెట్టెలో ఏముందో తెలియకపోతే తెరిచాక మొదట కంటబడిన వస్తువు రాసేయండి. తప్పయితే తర్వాత మార్చుకోవచ్చు. అక్కని మాత్రం ఇంకో ఏడాది అలా కూర్చోబెట్టకండి, నడుం పట్టేస్తుంది పాపం.

చిత్తుప్రతి
రాసింది ఏదైనా సరే, రెండు చోట్ల దాచుకోండి. దండం పెడతా.

మూడోపేజీ
ఈరోజు పొద్దున నోటుబుక్కులో తేదీ వేసి, కింద ఎవరి పేరూ రాయలేదు. కథ కాగితం అదే బల్ల మీద పెట్టుకున్నా.

పెట్టె తెరిచింది. లోపల ఒక చెప్పు ఉంది. పిల్లవాడిది, ఒకటే. ఎందుకు అదొచ్చిందో నాకు తెలియదు. ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని అడుగున అరిగిన చోటు వేలితో తడుముతోంది. అక్కడిదాకా వచ్చాను. రెండో పేజీ సగం.

రాత్రిబండి
రెండో చెప్పు ఎక్కడుంది?

మూడోపేజీ
నేనూ అదే అడుగుతున్నా. రేపు ఐదింటికి కూర్చుంటాను.

వేకువపిట్ట
నేను నాలుగున్నరకే ఉంటాను. లేచాక ఇక్కడ ఒక చుక్క పెట్టండి.